‘బాగుంది’ వేరు, ‘బాగుందట’ వేరు

ఉపాసకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “పంచశీల తీసుకున్నాం కదా, మరి సినిమాలు చూడొచ్చా? పాటలు వినొచ్చా?” దీనికి జవాబు తేలిక. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. “నేను చూసినదాన్ని, చదివినదాన్ని పదిమందికీ ‘చూడండి, చదవండి’ అని చెప్తుంటాను. ఆ చెప్పడం కర్మ కిందికి వస్తుందా?”

వస్తుంది. ఈ చిన్న పుస్తకం దాని గురించే.

ముందు ఆ తేలిక ప్రశ్న సంగతి చూసేద్దాం. పంచశీలలో ఆటపాటల ఊసే లేదు. నాట్యం, గీతం, వాద్యం, వేడుకలు చూడ్డం మానుకునే నియమం అష్టశీలలో ఉంది. పౌర్ణమికో అమావాస్యకో ఉపోసథం పాటించే గృహస్థులు ఆ ఒక్క రోజు వాటికి దూరంగా ఉంటారు. సామణేరులకూ భిక్షువులకూ అయితే రోజూ అదే నియమం. కాబట్టి మామూలు రోజున ఒక గృహస్థు సినిమాకి వెళ్తే శీలం చెడిందని ఎవరూ అనలేరు.

బుద్ధుడికి సంగీతం గిట్టదని కొందరు అనుకుంటారు. అదీ నిజం కాదు. దీఘ నికాయంలో సక్కపఞ్హ సుత్తం ఉంది. బుద్ధుడు రాజగృహం దగ్గర ఇందసాల గుహలో ధ్యానంలో ఉంటాడు. అప్పుడు పంచసిఖుడనే గంధర్వుడు వచ్చి వీణ మీటుతూ పాట పాడతాడు. అది అచ్చమైన ప్రేమపాట. తన ప్రియురాలిని తలుచుకుంటూ మధ్యమధ్యలో బుద్ధుణ్ణీ అరహంతుల్నీ ఉపమానాలకు తెస్తాడు. మనమైతే “ఇదేం అపచారం!” అని లేచిపోయేవాళ్లం. బుద్ధుడు మాత్రం వీణ తీగల నాదమూ నీ గొంతూ చక్కగా కలిశాయని మెచ్చుకున్నాడు, ఈ పాట ఎప్పుడు కట్టావని కూడా అడిగాడు. తీవ్ర సాధనతో అలిసిపోయి సంఘం వదిలి పోదామనుకున్న సోణ భిక్షువుకు మధ్యేమార్గం చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉపమానం కూడా వీణే. తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా పలకదు కదా అని. సోణుడు గృహస్థుగా ఉన్నప్పుడు వీణ బాగా వాయించేవాడు, అందుకని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాడు. ఇక మన అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విల్లులా వంగిన ఆ కాలపు వీణలు, మద్దెలలు, నాట్యమాడేవాళ్లు ఆ రాళ్ల నిండా ఉన్నారు.

కాబట్టి పాట మీదా సినిమా మీదా మనకేం ఫిర్యాదు లేదు. మన పరిశీలన అంతా “చూడు” అనే మాట మీద.

టీకొట్టు దగ్గర, బస్సులో, పెళ్లి భోజనాల దగ్గర, ఫోన్లో, రోజుకు ఎన్నిసార్లు ఈ మాట అంటామో లెక్క లేదు. “ఆ సినిమా చూశావా? భలే ఉంది, చూడు.” “ఈ పాట విను, ఏడుపొచ్చేస్తుంది.” “ఆ పుస్తకం చదవకపోతే నువ్వేం చదివినట్టు?” అనేసి టీ తాగేసి వెళ్లిపోతాం. అవతలి మనిషి ఆ రాత్రి మూడు గంటలు కూర్చుని చూస్తాడు. మనకు ఆ సంగతే గుర్తుండదు.

మన వాడుకలో సిఫారసు అనే మాటకు ఇంకో బరువుంది. ఉద్యోగానికి, కాలేజీ సీటుకి, ఆస్పత్రిలో బెడ్డుకి పెద్దమనిషి చేత చెప్పించుకోవడాన్ని సిఫారసు అంటాం. ఎవరికైనా అలా చెప్పాల్సి వస్తే ఎంత ఆలోచిస్తాం! “ఈ అబ్బాయి సరిగ్గా పనిచేస్తాడా? రేపు నా పేరు చెడగొట్టడు కదా?” అని నాలుగు విధాలా వాకబు చేస్తాం. ఒక మనిషిని ఒక ఆఫీసులోకి పంపడానికి ఇంత జాగ్రత్త తీసుకునేవాళ్లం, ఒక కథను ఒక మనిషి మనసులోకి పంపేటప్పుడు మాత్రం అర నిమిషం ఆగం.

బుద్ధుడు కర్మను చేతనలో చూశాడు, అంటే ఉద్దేశంలో. అది బయటికి వచ్చే దారులు మూడు: కాయం, వాక్కు, మనసు. “చూడు” అనేది వాక్కు దారిన వచ్చే పని. వాక్కుకు నాలుగు కీడులు చెప్పారు: ముసావాదం అంటే అబద్ధం, పిసుణావాచ అంటే చాడీ, ఫరుసావాచ అంటే కటువు మాట, సంఫప్పలాపం అంటే ఊసుపోని మాట. మన సిఫారసులను సంఫప్పలాపంలో పడేసి చేతులు దులుపుకోవచ్చు అనిపిస్తుంది. అయితే కొంచెం దగ్గరగా చూస్తే మొదటిదే ముందుగా కనబడుతుంది.

ఎలాగంటే, మన తెలుగులో ఒక గొప్ప సదుపాయం ఉంది. “బాగుంది” అంటే నేను చూశాను అని. “బాగుందట” అంటే ఎవరో చెప్పారు అని. ఒక్క అక్షరంతో, ఈ మాటకు నేను సాక్షినా కాదా అన్నది తేలిపోతుంది. “వాళ్లింట్లో దొంగలు పడ్డారట” అనే చోట “పడ్డారు” అంటే, పోలీసులు వచ్చి మనల్నే అడుగుతారు. ఆ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ‘ట’ ఎక్కడో జారిపోతుంది. పొద్దున ఆటకి వెళ్లినవాడు “బాగుంది” అంటాడు. అది విన్నవాడు మధ్యాహ్నం “బాగుందట” అంటాడు. సాయంత్రానికి మూడోవాడు, టికెట్ కూడా కొననివాడు, “బాగుంది, తప్పకుండా చూడు” అని గట్టిగా చెప్తాడు. అభిమాన హీరో సినిమా అయితే విడుదలకు ముందే ‘ట’ ఎగిరిపోతుంది. పుస్తకాల సంగతి ఇంకా ఘోరం. చదవని పుస్తకాన్ని గొప్పదని చెప్పడం చదువుకున్నవాళ్లలో ఒక మర్యాదలా చలామణి అవుతోంది. ఇందులో డబ్బు లేదు, లాభం లేదు, అందుకని అబద్ధంలా అనిపించదు. కానీ నాలుగో శీలంలో లాభం కోసం ఆడితేనే అబద్ధం అని ఎక్కడా లేదు.

కాలాముల ఊరికి బుద్ధుడు వెళ్లినప్పుడు వాళ్లు అడిగింది దాదాపు ఇదే. వచ్చిన ప్రతి గురువూ తన సరుకు గొప్పదని చెప్పి, పక్కవాడిది పనికిరాదంటున్నాడు, ఎవర్ని నమ్మాలి అని. నలుగురూ అంటున్నారని, తరతరాలుగా వస్తున్నదని, చెప్పేవాడు పెద్దవాడని నమ్మకండి, మీ అంతట మీరు చూసి తెలుసుకోండి అన్న సారాంశం మనందరికీ తెలుసు. దాన్ని వినేవాళ్లకు చేసిన హెచ్చరికగానే చదువుతుంటాం. చెప్పేవాడి వైపు తిప్పి కూడా చదవొచ్చు. నేను స్వయంగా చూసి తెలుసుకోనిదాన్ని, చూసి తెలుసుకున్నట్టు ఇంకొకరికి అందించకూడదు.

ఇలా ఒక ‘అట’ మీద జీవితమంతా గడిపిన మనిషి కథ సంయుత్త నికాయంలో ఉంది. అతని పేరు తాలపుటుడు. నాటక సమాజం నాయకుడు. ఆ రోజుల్లో నటుల మధ్య ఒక మాట ఉండేది. రంగస్థలం మీద నిజంతోనో అబద్ధంతోనో జనాన్ని నవ్వించి ఆనందపెట్టే నటుడు, చచ్చాక నవ్వే దేవతల లోకంలో పుడతాడని. గురువుల గురువుల దగ్గర్నుంచి వస్తున్న మాట. తాలపుటుడు ఆ మాట పట్టుకుని బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. అతనిలో మెచ్చుకోవలసిన గుణం ఏంటంటే, ‘అట’ను దాచుకోలేదు. పెద్దలు ఇలా చెప్పగా విన్నాను, మీరేమంటారు అని అడిగాడు.

బుద్ధుడు జవాబు చెప్పలేదు. వద్దు, అది నన్ను అడగొద్దు అన్నాడు. రెండోసారి అడిగినా అంతే. మూడోసారి అడిగాక చెప్పాడు. చూడ్డానికి వచ్చే జనంలో రాగం, ద్వేషం, మోహం ముందే ఉన్నాయి, వాటి కట్లు వాళ్లకింకా తెగలేదు. నటుడు వాటినే ఇంకా పెంచే సరుకు తెచ్చి వాళ్ల ముందు పెడుతున్నాడు. తాను మత్తులో ఉండి ఎదుటివాళ్లను మత్తులో ముంచుతున్నాడు. దాని ఫలితం నవ్వే లోకం కాదు, పహాస నరకం అని. తాలపుటుడు భోరున ఏడ్చాడు. ఇందుకే వద్దన్నాను అన్నాడు బుద్ధుడు. దానికి తాలపుటుడు చెప్పిన జవాబు చూడండి. మీరు చెప్పినదానికి నేను ఏడవడం లేదు, ఇంతకాలం ఆ పాత గురువుల మాట నమ్మి మోసపోయినందుకు ఏడుస్తున్నాను అని.

ఈ సుత్తం చదివి కొందరు నాటకాలూ సినిమాలూ పాపం అని తీర్పు చెప్పేస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. పైన పంచసిఖుడి పాట చూశాం కదా. ఇక్కడ బుద్ధుడు పట్టి చూపించింది ఒక వ్యవహారాన్ని. చూసేవాడిలో అప్పటికే ఏముందో దాన్ని బట్టి చూసినదాని ఫలితం ఉంటుంది. అగ్గిపుల్ల ఒకటే, అది పడేది తడి నేల మీదా ఎండుగడ్డి మీదా అన్నదాన్ని బట్టి సంగతి మారుతుంది. అంటే “సినిమా మంచిదా చెడ్డదా” అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. “ఎవరికి? ఇప్పుడా?” అని కూడా అడగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1953లో వచ్చిన దేవదాసు. శరత్ నవల, వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, అక్కినేని, సావిత్రి, సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల గొంతు. తెలుగులో వచ్చిన గొప్ప సినిమాల్లో అదొకటని నా అభిప్రాయం. పాట నేర్చుకునే ఒక అమ్మాయికి ఆ సినిమా చూడమని చెప్పండి, ఆమె గొంతు ఎక్కడ ఆగాలో ఎక్కడ జారాలో నేర్చుకుంటుంది. నటన మీద మోజున్న కుర్రాడికి చెప్పండి, తాగుబోతుగా నటించడమంటే ఊగడం ఒక్కటే కాదని తెలుసుకుంటాడు. ఇప్పుడు మూడో మనిషి. అతను తాగుడు మానేసి ఎనిమిది నెలలైంది. ఇంట్లో మళ్లీ నవ్వులు మొదలయ్యాయి, భార్య తాకట్టు పెట్టిన గాజులు విడిపించుకుంది. ఒక ఆదివారం అతనికి మనసు బాగాలేదు. పక్కింటాయన ప్రేమగానే అన్నాడు: “ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది తమ్ముడూ, పాత దేవదాసు పెట్టుకో, హాయిగా ఉంటుంది.”

ఆ మూడు గంటల్లో జరిగేది పటిచ్చసముప్పాదం చదివినవాళ్లకు కొత్తేం కాదు. కళ్లకు సీసా తగులుతుంది, చెవికి ఆ పాట తగులుతుంది. అది ఫస్స. ఆ వెంటనే సుఖమో దుఃఖమో ఒక అనుభూతి. పాళీలో దాన్నే వేదన అంటారు, మన తెలుగు వేదనలా బాధ ఒక్కటే అని కాదు. ఆ వేదన మీద తణ్హ మొలుస్తుంది. బాధ పడేవాడికి తాగడం ఒక గొప్పతనంలా, తన బాధకు ఒక గౌరవంలా కనబడుతుంది. ఆ తర్వాత సందు చివర దుకాణం ఎంత దూరం? అతను వెళ్లకపోవచ్చు కూడా. అది అతని బలం. కానీ పక్కింటాయన ఆ బలాన్ని ఊరికే పరీక్షకు పెట్టాడు, పరీక్ష పెట్టినట్టు తనకే తెలియకుండా.

పక్కింటాయన పాపాత్ముడా? కాదు. అతని ఉద్దేశంలో కీడు లేదు. లేనిదల్లా ఏమిటంటే పాళీలో అప్పమాదం అనే గుణం. ఎరుకతో ఉండటం. ఎదురుగా ఉన్న మనిషిని ఒక్కసారి చూసి నోరు తెరవడం.

ఈ చూసి మాట్లాడ్డం బుద్ధుడికి ఎంత సహజంగా ఉండేదో చెప్పే కథ ధమ్మపద అట్ఠకథలో ఉంది. ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు. బుద్ధుడు వస్తున్నాడని విని వెళ్దామనుకునేసరికి అతని ఎద్దు తప్పిపోయింది. దాన్ని వెతికి, మందలో తోలి, ఏమీ తినకుండానే పరుగెత్తుకుంటూ వచ్చాడు. అక్కడ భోజనాలైపోయాయి, జనం ఉపదేశం కోసం ఎదురుచూస్తున్నారు, బుద్ధుడు మాత్రం నోరు విప్పకుండా కూర్చున్నాడు. ఆ రైతు రాగానే, అన్నం ఏమైనా మిగిలిందా, ఇతనికి పెట్టండి అన్నాడు. అతను తిని, ఒంట్లో తేలికపడ్డాక అప్పుడు ధమ్మం చెప్పాడు. ఒక మనిషికి అన్నం పెట్టమని బుద్ధుడు చెప్పడమేమిటని భిక్షువులు తర్వాత గొణుక్కున్నారు. ధమ్మాన్ని కూడా ఆకలిగా ఉన్నవాడి చేతిలో పెట్టలేదు ఆయన! మనం మూడు గంటల సినిమాను ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో పెట్టేస్తున్నాం.

హాస్యం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ విషయం పూర్తి కాదు. మన తెలుగు సినిమా హాస్యంలో చాలా భాగం ఒకరి ఒంటి రంగు మీద, లావు మీద, నత్తి మీద, కులవృత్తి మీద, యాస మీద నడిచింది. శ్రీకాకుళం యాసను పనివాళ్లకూ, తెలంగాణ యాసను రౌడీలకూ జోకర్లకూ కట్టబెట్టిన రోజులు ఎన్నో ఏళ్లు సాగాయి. “కడుపుబ్బ నవ్వుకున్నాం, నువ్వూ చూడు” అని ఆఫీసులో పక్క సీటు మనిషికి ఆ ముక్క పంపిస్తాం. ఆ పక్క సీటు మనిషి చిన్నప్పుడు బళ్లో ఆ పేరుతోనే ఏడిపించబడ్డవాడు కావచ్చు. వాళ్లమ్మ మాట్లాడేది ఆ యాసే కావచ్చు. అతను కూడా నవ్వుతాడు, నవ్వకపోతే బాగోదు కాబట్టి. మనం “బాగా నవ్వాడు” అనుకుంటాం. కటువు మాట నేను అనలేదు, సినిమాలో ఎవరో అన్నారు అని వాదించొచ్చు. కానీ రాయి ఎవరు చెక్కారన్నది తగిలినవాడికి అనవసరం. తెలిసి పంపితే అది ఫరుసావాచలో భాగమే. తెలియక పంపితే మనం ఆ మనిషిని ఇన్నాళ్లూ సరిగ్గా చూడలేదన్నమాట. రెండోది మొదటిదాని కన్నా చిన్న సంగతేం కాదు.

ఇక సిగాలోవాద సుత్తం. గృహస్థుల వినయం అని పేరున్న ఈ సుత్తంలో ఎప్పుడూ వేడుకల చుట్టూ తిరిగేవాడికి ఆరు నష్టాలు చెప్పారు. ఆ ఆరూ చదివితే మొదట ఆశ్చర్యమేస్తుంది. డబ్బు పోతుందనో పరువు పోతుందనో రాసి లేదు. నాట్యం ఎక్కడ? పాట ఎక్కడ? వాద్యం ఎక్కడ? కథలు ఎక్కడ? తాళాలు ఎక్కడ? డప్పులు ఎక్కడ? ఇవే ఆరు నష్టాలు. ఆ వెతుకులాటే నష్టం అని. చూసినది మంచిదో కాదో అటుంచండి, చూసినది పూర్తికాకముందే “తర్వాతేంటి?” అని మనసు లేచి నిలబడుతుంది. ఈ కాలంలో ఆ “ఎక్కడ?”ను ఫోను మన తరఫున అడిగిపెడుతోంది. ఒక పాట అయ్యేలోపు ఇంకో పాట, ఒక భాగం అయ్యేలోపు ఇంకో భాగం. ఆ యంత్రానికి మన మీద పగ లేదు, ప్రేమా లేదు. రేపు నీకు పరీక్ష అనీ, నీ బిడ్డకు జ్వరం అనీ, నువ్వు రెండు రాత్రులుగా నిద్రపోలేదనీ దానికి పట్టదు. నిన్ను ఏది కూర్చోబెడుతుందో అంతే దానికి కావాలి.

మనిషికి ఆ దౌర్భాగ్యం లేదు. మనిషి ఆగగలడు. “ఈవేళ చాలు, పడుకో” అనగలడు. అదే సుత్తంలో స్నేహితుడి వేషంలో ఉండే శత్రువుల జాబితా ఉంది. అందులో ఒకడు తాగడానికీ, వేళకాని వేళ వీధులు తిరగడానికీ, వేడుకలకూ, జూదానికీ తోడొచ్చేవాడు. నిజమైన స్నేహితుల్లో ఒకడు, మనం విననిదాన్ని వినిపించేవాడు. ఇద్దరూ మనకు ఏదో ఒకటి చూడమనో వినమనో చెప్పేవాళ్లే కావడం గమనించాలి. పైకి ఇద్దరి మాటా ఒకేలా ఉంటుంది.

విననిదాన్ని వినిపించిన ఒక స్నేహితుడి గురించి మనకు బాగా తెలుసు. బొంబాయిలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఒక తోటలో రోజూ ఒంటరిగా కూర్చుని చదువుకుంటున్న కుర్రాణ్ణి చూసి పలకరించారు. ఆ కుర్రాడు పరీక్ష పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో, తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను అతని చేతిలో పెట్టారు. ఆ కుర్రాడు భీమ్‌రావ్ అంబేడ్కర్. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో ధమ్మ దీక్ష జరిగిన రోజుకు వెనక్కి నడుచుకుంటూ వెళ్తే, ఆ దారిలో ఎక్కడో ఈ పుస్తకం కనబడుతుంది. ఆ పుస్తకం ఒక్కటే అంతా చేసిందని నేను అనను, మధ్యలో ఎన్నో చదువులు, ఎన్నో పోరాటాలు ఉన్నాయి. కేలూస్కర్ కూడా అంత జరుగుతుందని అనుకుని ఇచ్చి ఉండరు. కానీ ఆయన ముందు ఆ కుర్రాణ్ణి చూశారు, పుస్తకం తర్వాత వచ్చింది.

ఈ కథలో జనం అంతగా పట్టించుకోని ఇంకో సిఫారసు ఉంది, అది తండ్రిది. రామ్‌జీ గారు పిల్లల చేత రామాయణ, భారతాలు చదివించేవారు. బుద్ధుడి పుస్తకం చదివాక బాబాసాహెబ్ తండ్రిని నిలదీశారు, మాకు బౌద్ధం ఎందుకు పరిచయం చేయలేదు, ఆ గ్రంథాలే ఎందుకు చదివించారు అని. అంటరానివాళ్లమనే న్యూనత పిల్లలకు రాకూడదని, ద్రోణుడూ కర్ణుడూ ఎంత చిన్న స్థితి నుంచి ఎంత ఎత్తుకు ఎదిగారో చూడమని చదివించాను అన్నారు తండ్రి. ఆ వాదనలో కొంత బలం ఉందని కొడుకు ఒప్పుకున్నారు, అయినా తృప్తి పడలేదు. ఇదంతా బాబాసాహెబే తన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో చెప్పారు. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. తండ్రి తన బిడ్డకు ఏం కావాలో ఆలోచించే ఇచ్చారు. బిడ్డ దాన్ని చదివి, అడిగి, కాదని, వేరే దారి పట్టారు. ప్రేమగా ఇచ్చిన పుస్తకాన్ని కూడా కాదనొచ్చు. కాదన్నందుకు ఆ తండ్రి బిడ్డను వెలివేయలేదు.

మన దగ్గర కథ ఎక్కడ చెడుతుందంటే సరిగ్గా ఇక్కడే. చెప్పిన మూడో రోజుకే “చూశావా లేదా?” అని వెంటపడతాం. చూడలేదంటే చిన్నబుచ్చుకుంటాం. చూసి, “నాకంత నచ్చలేదు” అన్నాడా, ఇక వాడి రుచి గురించి, తెలివి గురించి నలుగురి దగ్గరా చెప్పుకుంటాం. ఆ సినిమాలో మన పెట్టుబడి ఏముంది? మనం తీశామా, నటించామా? అయినా “నేను చెప్పిన సినిమా” అయిపోయింది. ‘నాది’ అనేది ఇంత చిన్న చోట కూడా గూడు కట్టగలదు. ఆ సినిమాతో పాటు మన గొప్పతనాన్ని కూడా అతనికి పంపాం, అతను సినిమా ఉంచుకుని గొప్పతనం తిప్పి పంపాడు, అదీ మన బాధ. నిజంగా అతని మేలు కోరి చెప్పినదైతే, నచ్చలేదన్న మాట విన్నప్పుడు “అయ్యో, నీ సమయం పోయిందే” అనిపించాలి. కోపం వస్తే, ఎవరి కోసం చెప్పామో అప్పుడు తెలుస్తుంది.

ఉపతిస్సుడు, కోలితుడు అనే ఇద్దరు మిత్రుల కథ చాలామందికి తెలుసు, వాళ్లే తర్వాత సారిపుత్త, మొగ్గల్లాన మహాథేరులు. అట్ఠకథల ప్రకారం వాళ్లు ఏటా రాజగృహంలో కొండమీది జాతరకు వెళ్లి వినోదాలు చూసేవాళ్లు. నవ్వే చోట నవ్వి, ఏడ్చే చోట ఏడ్చి, బహుమానం ఇచ్చే చోట ఇచ్చి ఇంటికి వచ్చేవాళ్లు, మనలాగే. ఒక ఏడు ఇద్దరికీ నవ్వు రాలేదు. ఈ ఆడేవాళ్లు, చూసే మనం, నూరేళ్లలో ఎవరుంటారు అనిపించింది. ఇద్దరూ ఇల్లు వదిలారు. ముందు ఎవరికి దారి దొరికితే వాళ్లు రెండోవాళ్లకు చెప్పాలని ఒప్పందం. కొన్నాళ్లకు ఉపతిస్సుడు రాజగృహంలో భిక్షకు వెళ్తున్న అస్సజి భిక్షువును చూశాడు. ఆ నడక, ఆ చూపు చూసి ఈయనకేదో తెలుసు అనుకున్నాడు. వెంటనే అడగలేదు, భిక్ష వేళ కదా అని ఆగి, వెనకే నడిచి, తర్వాత అడిగాడు. అస్సజి ఏమన్నాడంటే, నేను కొత్తవాణ్ణి, ఈ మధ్యనే వచ్చాను, విస్తారంగా చెప్పలేను, సారం మాత్రం చెప్తాను అని. ఒక్క గాథ చెప్పాడు, అంతే. ఎంత తెలుసో అంతే చెప్పాడు. మా గురువు అంతటివాడు, నువ్వు వచ్చి తీరాలి అని లేదు. ధమ్మాన్ని వర్ణించే పాళీ మాటల్లో ‘ఏహిపస్సికో’ అని ఒకటుంది. వచ్చి చూసుకోదగినది అని అర్థం. వచ్చి చూసినవాడు వెళ్లిపోవడానికి కూడా తలుపు తెరిచే ఉంటుంది.

“ఇంత ఆలోచిస్తే ఇక నోరెత్తగలమా?” అని అడుగుతారేమో. ఆలోచన అంత సేపు పట్టదు. అంగుత్తర నికాయంలో మంచి మాటకు ఐదు గుణాలు చెప్పారు: వేళకు చెప్పడం, నిజం చెప్పడం, మృదువుగా చెప్పడం, పనికొచ్చేది చెప్పడం, మెత్తాచిత్తంతో చెప్పడం. టీ చల్లారేలోపు వీటన్నిటినీ చూసుకోవచ్చు. ‘బాగుంది’ అని ఊరుకోకుండా ఏం బాగుందో, నాకెందుకు నచ్చిందో ఒక ముక్క కలిపితే చాలు, అవతలివాడు తనకు పనికొస్తుందో లేదో తానే తేల్చుకుంటాడు. జాషువా గబ్బిలం చదవమని ఒక హాస్టల్ కుర్రాడికి చెప్పే తీరు వేరు, ఆ బాధ ఎరుగని మిత్రుడికి చెప్పే తీరు వేరు. మొదటివాడికి “ఇది నీ గుండెలోని మాటే, ఒకాయన 1941లోనే పద్యంలో చెప్పాడు” అనొచ్చు. రెండోవాడికి “కష్టంగా ఉంటుంది, అయినా చదువు” అనాలి. పుస్తకం ఒకటే.

ఈ పద్ధతిలోనే నేనూ మీకు ఒకటి చెప్తాను. పైన కన్నీళ్లు పెట్టుకున్న తాలపుటుడు ఆ తర్వాత భిక్షువయ్యాడు, అరహంతుడయ్యాడు. థేరగాథల్లో అతని పేరు మీద యాభైకి పైగా గాథలున్నాయి. మొదట్లో “ఎప్పుడు? ఎప్పుడు?” అని తపిస్తాడు, ఒంటరిగా కొండగుహల్లో ఉండే రోజు ఎప్పుడొస్తుందని. తర్వాత తన మనసును ఎదురుగా కూర్చోబెట్టుకుని దెబ్బలాడతాడు, నువ్వే కదా నన్ను ఇల్లు వదలమన్నావు, ఇప్పుడు నువ్వే వెనక్కి లాగుతున్నావేం అని. జీవితమంతా పాత్రలు వేసిన మనిషి కదా, తన మనసునే ఒక పాత్రగా నిలబెట్టి మాట్లాడటం అతనికి బాగా తెలుసు. నేను చదివాను, ‘అట’ కాదు. మధ్యలో కొంచెం సాగినట్టు ఉంటుంది, చెప్పినదే మళ్లీ చెప్పినట్టు అనిపిస్తుంది. ఏదైనా ఒకటి మానుకోవాలని నిర్ణయించుకుని, మానలేక తనను తాను తిట్టుకుంటున్నవాళ్లకు పనికొస్తుందని నా ఊహ. ఇంట్లో ఎవరైనా పోయిన దుఃఖంలో ఉంటే మాత్రం ఇప్పుడొద్దు, అందులో శరీరం గురించి చెప్పిన మాటలు కటువుగా ఉంటాయి. అరగంటలో అయిపోతుంది. పది గాథలు చదివాక మనసు పట్టకపోతే పక్కన పెట్టేయండి. చదివారా లేదా అని నేను అడగను.